పేరు అడగని కాఫీ కొట్టు

విశ్వనాథానికి తన పేరు తప్ప ఎవరి పేరైనా చెప్పడం వచ్చు. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ, ఆ మనిషి ముప్ఫై రెండేళ్ళ బతుకంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. సామర్లకోట మున్సిపల్ స్కూల్లో కొత్త మాస్టారెవరైనా వచ్చి "నీ పేరేంట్రా?" అంటే చాలు, "వి" దగ్గర నాలుక అంగిటికి అతుక్కుపోయేది. మెడ నరాలు పొంగేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, వెనక బెంచీలవాళ్ళు నవ్వేవాళ్ళు. మాస్టారు విసుగొచ్చి "సర్లే కూర్చో" అనేవారు. పేరు చెప్పలేనివాణ్ణి లోకం గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది.

అయిదో తరగతిలో ఒక చిత్రం జరిగింది. వార్షికోత్సవం నాటకంలో యముడి వేషం కట్టాల్సిన కుర్రాడికి ఆటలమ్మ పోసింది. ఒడ్డూ పొడుగూ సరిపోయింది కదా అని మాస్టారు వీడి మొహాన నల్లరంగు పూసి, మీసం అంటించి, "నువ్వు ఊరికే నిలబడు, మాటలు తెర వెనకనించి నేను చెబుతాను" అని స్టేజీ మీదికి తోశారు. వాడు మాస్టారిని నోరెత్తనివ్వలేదు. యముడి మాటలన్నీ ఒక్క తడబాటు లేకుండా గడగడా చెప్పేశాడు. రంగు కడుక్కుని ఇంటికెళ్ళాక వాళ్ళ నాన్న "ఏరా, ఇందాకటిది నువ్వేనా?" అని అడిగితే, "నే... నే..." అని మళ్ళీ మొదటికొచ్చాడు.

ఇంజనీరింగులో మార్కులకి లోటు లేదు, ఇంటర్వ్యూల్లో మాత్రం ఒక్కటీ దాటలేదు. చివరికి రాతపరీక్ష ఒక్కటీ పెట్టి మనుషుల్ని ఏరుకున్న కంపెనీ ఒకటి దొరికి, తొంభై ఆరులో సింగపూరు వచ్చి సైన్స్ పార్క్‌లో పడ్డాడు. రోజంతా ప్రోగ్రాములు రాసుకునే, మాట్లాడక్కర్లేని ఉద్యోగం. ఏడాదికోసారి మేనేజరు మాత్రం కాగితం మీద "మాటతీరు మెరుగుపడాలి" అని రాసేవాడు. అది చదువుకుని, మడిచి, సొరుగులో పెట్టుకునేవాడు.

తొంభై ఎనిమిదిలో ఒక శనివారం, ఒకే ఫ్లాటులో ఉంటున్న సాయిబాబుకి ఇంటర్వ్యూ ఫోనొచ్చింది. సాయిబాబుకి పని వచ్చు, భయం అంతకంటే ఎక్కువ వచ్చు. పక్కనే ఉన్న విశ్వనాథం చేతిలో ఫోను పెట్టేసి బాత్రూంలోకి పారిపోయాడు. విశ్వనాథం ఏమీ ఆలోచించలేదు. "యెస్, సాయిబాబు స్పీకింగ్" అన్నాడు. నలభై నిమిషాలు. ఎక్కడా నాలుక ఆగలేదు. సాయిబాబుకి ఉద్యోగం వచ్చింది. బాత్రూంలోంచి బయటికొచ్చినవాడు ఆ రోజంతా విశ్వనాథాన్ని దెయ్యాన్ని చూసినట్టు చూస్తూనే ఉన్నాడు.

ఇలాంటి సంగతులు ఆగుతాయా? నెల తిరక్కుండా పాయా లేబర్ పేటలో కుర్రాళ్ళకి కంప్యూటర్ ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీ నడిపే జగన్మోహనరావు గారి చెవిన పడింది. గుంటూరు మనిషి, మాటల మరాఠీ. "చూడు నాయనా, నీ నాలిక మీద సరస్వతి ఉంది. కాకపోతే పక్కోడి పేరు చెబితేగానీ లెగవదు. దాన్ని వృథా చెయ్యడం పాపం గాదూ?" అన్నాడు. అది తప్పు కాదా అంటే తప్పే. కానీ ఆ రోజుల్లో ఎవరిది ఒప్పు? లేని ప్రాజెక్టులు ఉన్నాయని కంపెనీలు, రాని భాషలు వచ్చని కుర్రాళ్ళు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. విశ్వనాథం ఒప్పుకున్నది మాత్రం ఇంకో కారణానికి. ఆ నలభై నిమిషాలు మాట్లాడిన రుచి అతన్ని వదల్లేదు.

కన్సల్టెన్సీకి రెండు గదులు. ముందు గదిలో రావుగారు, ఫాక్సు మిషను, వెంకటేశ్వరస్వామి పటం. వెనక గదికి కిటికీ లేదు. దాన్ని కాల్ రూం అనేవాళ్ళు. అంతకుముందు అక్కడ కాఫీ మిషన్ల వ్యాపారం చేసి, తొంభై ఏడులో చితికిపోయి, సామానంతా అమ్ముకుని ఇంటిదారి పట్టిన ఇటలీ పెద్దమనిషి గోడమీద ఒక్క బొమ్మ మాత్రం వదిలేసి వెళ్ళాడు. ఫారిన్ బొమ్మ కదా, దర్జాగా ఉంటుందని రావుగారు దాన్ని అలాగే ఉంచాడు.

రెండు జానల వెడల్పు బొమ్మ. రంగుల్లేవు, అన్నీ నల్లసిరా గీతలే. రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచితే గీసినచోటల్లా ఆసిడ్ తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద అద్దుతారు. అలా అద్దిన బొమ్మ అది. ఒక కాఫీ కొట్టు. బల్లల చుట్టూ పన్నెండుమంది. మూడు మొనల టోపీలు, నల్లటి పొడుగు అంగీలు, మొహాలకి తెల్లటి ముసుగులు. ముసుగు కింది భాగం గద్దముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. కళ్ళు గియ్యలేదు, కళ్ళుండాల్సిన చోట నల్లటి కన్నాలు. చట్రం వెనక అంటించిన చీటీ మీద పద్దెనిమిదో శతాబ్దం అనీ, వెనిస్ అనీ ఉంది.

విశ్వనాథం ఊరుకోలేదు, ఇంటర్నెట్టులో వెతికి చదివాడు. ఆ ఊళ్ళో ఏడాదిలో నెలల తరబడి జనం ముసుగులేసుకునే తిరిగేవాళ్ళట. ముసుగు తియ్యకుండా కాఫీ తాగడానికే కింద అలా పొడుచుకొచ్చి ఉంటుందట. ఆ సందులోంచి వచ్చే గొంతు కూడా మారిపోతుందట. ముసుగు మనిషిని నువ్వెవరని అడగడం మర్యాద కాదట. ప్రభువైనా బంట్రోతైనా "ముసుగుగారూ" అనే పిలవాలట. పేరు అడగని ఊరు! అది చదివిన రోజు అతను ఆ కిటికీలేని గదిలో ఒక్కడే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాడు. తనలాంటివాడి కోసం రెండొందల యాభై ఏళ్ళ కిందటే ఎవరో ఊరు కట్టి ఉంచారనిపించింది.

అప్పట్నుంచి ఒక అలవాటు పట్టుకుంది. ఫోను మోగే ముందు బొమ్మలోంచి ఒక ముసుగుని ఎంచుకునేవాడు. ఇవాళ నేను ఈ మూలనున్నవాణ్ణి, ఇవాళ నేను చెయ్యెత్తినవాణ్ణి. బొమ్మ కింద గోడకి ఆ వారం పేర్లున్న చీటీ అంటించి ఉండేది. బయోడేటాలన్నిటి మీదా ఒకటే నెంబరు, రావుగారు కొనిచ్చిన మొబైల్‌ది. అది మోగితే చీటీ చూసి, ఆ పేరు చెప్పి ఎత్తాలి. తటపటాయిస్తే కొంప మునుగుతుంది. శనివారాలూ, సెలవు పెట్టిన మధ్యాహ్నాలూ కలిపి రెండేళ్ళలో నలభై ముగ్గురయ్యాడు.

ఇంటర్వ్యూకి ముందు అసలు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు అతని కథంతా రాసుకునేవాడు. ఊరేది, ఇంట్లో ఎవరెవరు, ఏం పని చేశావు. మొట్టమొదట అడిగేది "నీ గురించి చెప్పు" అనే కదా. రెండువేల సంవత్సరం మార్చిలో ఒక ఆదివారం అలా వచ్చి కూర్చున్నవాడు తిరుమలేష్.

కరీంనగర్ వైపు పల్లెటూరివాడు. జురాంగ్ ఐలాండ్‌లో పైపులకీ మీటర్లకీ వైర్లు బిగించే పని. పొద్దున అయిదున్నరకి బస్సు. సాయంత్రాలు కంప్యూటర్ కోర్సు చదివాడు, నిజంగానే చదివాడు, నోట్సు తెచ్చి చూపించాడు. కానీ ఇంగ్లీషులో నాలుగు మాటలు వరసగా రావు. విశ్వనాథం నత్తి చూసి బిత్తరపోయాడు.

"అన్నా, నా బదులు మాట్లాడేది నువ్వేనా?" అన్నాడు.

"నే... నేనే."

తిరుమలేష్ మర్యాదకి నవ్వు ఆపుకుని, ఇంకోటి అడిగాడు. "మరి నువ్వు నా లెక్క మాట్లాడ్తవా, నీ లెక్క మాట్లాడ్తవా?"

ఆ ప్రశ్న నలభై ముగ్గురిలో ఎవరూ అడగలేదు. విశ్వనాథం "రా... రాసుకోనివ్వు" అని కాగితం ముందుకు లాక్కున్నాడు. భార్య పేరు కల్పన, కొడుకు నాలుగేళ్ళవాడు. ఇంట్లో ఫోను లేదు, ఊళ్ళో బస్సు ఆగేచోట రామన్న ఎస్టీడీ బూతు ఉంది, దాని నెంబరిది. ఉద్యోగం వచ్చేదాకా ఇంటికి చెప్పదల్చుకోలేదు. వచ్చాక చెబితే ఆ సంతోషం వేరు అన్నాడు.

ఇంటర్వ్యూ తర్వాతి వారం గురువారం మధ్యాహ్నం మూడింటికి. విశ్వనాథం బొమ్మలో చివరి బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నవాణ్ణి ఎంచుకున్నాడు. ఆ రోజు అతని నోటికి అడ్డులేదు. పైపుల్లో ఒత్తిడి గురించి కూడా చెప్పాడు, పల్లెటూళ్ళో చదువుకున్న కష్టం గురించీ చెప్పాడు. ఎప్పుడు చేరగలవంటే రేపే అన్నాడు. ఆరోగ్యం ఎలా ఉంటుందంటే, "ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా జ్వరమని పడుకోలేదు సార్" అన్నాడు. అవతలివాళ్ళు నవ్వారు. వారంలో ఫోన్ చేస్తామన్నారు.

ఆ వారంలో మిగతా పేర్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాడు. చీటీ మీద తిరుమలేష్ ఒక్కడే మిగిలాడు. గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. నెంబరు కనపడలేదు. విశ్వనాథం గొంతు సవరించుకుని ఎత్తాడు.

"గుడాఫ్టర్నూన్, తిరుమలేష్ స్పీకింగ్."

అవతల గరగరమన్న చప్పుడు. ఎవరిదో ఊపిరి. లైను బాగాలేదేమోనని ఇంకాస్త నునుపుగా అన్నాడు. "హలో, తిరుమలేష్ హియర్."

"ఏమయ్యా," అంది ఒక ఆడగొంతు. "నువ్వేనా?"

విశ్వనాథం నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాలేదు.

"నాకెర్కనే! నువ్వు సావలేదని నాకెర్కనే! పెట్టెల అచ్చినోడు మా ఆయన గాదని మొత్తుకున్న. మొఖం ఉబ్బి, సున్నం గొట్టినట్టు తెల్లగుండె. బస్సుల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట, గుండె ఆగిందట. గట్లెట్ల ఆగుతదయ్యా? ఎవన్నో అంపిండ్రంటే ఒక్కలు ఇనలే. నీ తమ్ముడు కాలవెట్టిండు. నాలుగు దినాలాయె. నీ బట్టలల్ల నీ పేరున్న ఈ కాయితం దొరికితే రామన్నతోని నెంబరు కొట్టిపిచ్చిన. మాట్లాడయ్యా!"

ఆశపడ్డ చెవికి గొంతులో తేడా ఏం తెలుస్తుంది? విశ్వనాథం కాదమ్మా అనబోయాడు. "కా... కా..." దగ్గర ఆగిపోయింది. నిజం చెప్పాలంటే తను తనలాగే మాట్లాడాలి, అది అతనికి రాదు. గొంతులోంచి గురగుర తప్ప మాట పుట్టలేదు.

"ఏడ్వకయ్యా. ఎవలన్న మాట్లాడనిస్తలేరా? సరే, ఏం చెప్పకు. ఎల్లుండి పదకొండో దినం. గాజులు పలగ్గొడ్తరట. ఒక్కని చెయ్యి నా మీద పడనియ్య. నా మొగడు ఫోన్ల మాట్లాడిండని ఊరందరికి చెప్త. నువ్వు పైలం." లైను పోయింది.

విశ్వనాథం ఫోను బల్లమీద పెట్టి వేళ్ళమీద లెక్కేసుకున్నాడు. ఎల్లుండి శనివారం పదకొండో రోజైతే, పోయింది కిందటి బుధవారం. తను "ఒక్కరోజు కూడా జ్వరమని పడుకోలేదు" అని చెబుతున్న గురువారం మూడింటికి, ఆ పేరుగల మనిషి ఎక్కడో చల్లటి గదిలో పడుకుని ఉన్నాడు.  చచ్చినవాడి నోరు అరువు తెచ్చుకుని నవ్వించాడు తను.

ముందు గదిలో ఫాక్సు మిషను కరకరమంది. జగన్మోహనరావు కాగితం చింపి, "వచ్చేసిందయ్యా! తిరుమలేష్‌కి ఆఫర్! ఒకటో తారీఖున జాయినింగ్, మెడికల్ సర్టిఫికెట్టు పట్రమ్మన్నారు" అంటూ లోపలికొచ్చాడు. విశ్వనాథం మొహం చూసి ఆగాడు. విశ్వనాథం మాట్లాడలేక అంతా కాగితం మీద రాసి ఇచ్చాడు.

రావుగారు చదివి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన రాయేం కాదు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మామూలు మనిషయ్యాడు. "సిమ్ము తీసెయ్. ఆ నెంబరింక పన్జెయ్యదు. నువ్వు పోయి నేనే మాట్లాడానంటే, ఈ మాట ఆ నోటా ఈ నోటా ఇక్కడికొస్తుంది. నలభై ముగ్గురు కుర్రాళ్ళయ్యా. పర్మిట్లు రద్దు చేసి పంపేస్తారు. నిన్ను ఊరికే పంపరు. ఆవిడంటావా, నాలుగ్రోజులు ఏడిచి ఊరుకుంటుంది."

విశ్వనాథం ఇంకో కాగితం మీద రాశాడు. ఊరుకోదు. బతికున్నాడనుకుంటోంది.

రావుగారు అది చదివి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు.

విశ్వనాథం ఒక్కడే బొమ్మ ముందు కూర్చుండిపోయాడు. చివరి బల్ల దగ్గరివాణ్ణి చూడకూడదనుకుంటూనే చూశాడు. అప్పుడు కనపడింది. మిగతా పదకొండుమంది కాళ్ళకిందా అడ్డంగా నిలువుగా గీతలు గీసి నీడలు పెట్టారు. ఆ ఒక్కడికీ లేదు. కాళ్ళకింద తెల్లటి కాగితం, అంతే. రెండేళ్ళుగా ఈ బొమ్మని అంగుళం అంగుళం చూశాడే, ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది? గోడమీంచి తీసి ముందు గదిలో కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. లేదు. బహుశా గీసినాయన మర్చిపోయాడు. బహుశా అక్కడ ఆసిడ్ సరిగ్గా తినలేదు. ప్రోగ్రాం రాసేవాడు కదా, కారణాలు అతనికి తడుముకోకుండా దొరికాయి. ఒక్కటీ అతన్ని నమ్మించలేదు.

బొమ్మని గోడవైపు తిప్పి నేలమీద ఆనించాడు. అది ఇంకా పెద్ద తప్పైంది. వాళ్ళు కనపడ్డంతసేపూ బొమ్మలో ఉన్నారు, కనపడకపోయేసరికి గదిలో ఉన్నట్టనిపించింది. పేరు అడగని ఊరివాళ్ళు పన్నెండుమందీ తనచుట్టూ చేరి, గద్దముక్కుల వెనకనించి, ఒక్క గొంతుతో పేరు అడుగుతున్నట్టనిపించింది. తలుపు తాళం కూడా వెయ్యకుండా మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున సైన్స్ పార్క్ బస్సులో ముందు సీట్లో ఒక పనివాడు కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నాడు. విశ్వనాథం అతని ఊపిరికి అద్దం మీద పట్టే ఆవిరినే చూస్తూ కూర్చున్నాడు. పట్టడం, ఆరడం, పట్టడం. ఒకసారి కాస్త ఆలస్యమయ్యేసరికి లేచి అతని భుజం పట్టుకుని కుదిపేశాడు. ఆ మనిషి ఉలిక్కిపడి లేచి, ఏదో భాషలో తిట్టి, వచ్చే స్టాపులో దిగిపోయాడు. విశ్వనాథం దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. ఆఫీసుకి వెళ్ళలేదు, బస్సు మారి ఇంటికి తిరిగొచ్చాడు.

అప్పటికి అతను సూర్యకుమారి ఆంటీ ఫ్లాటులో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నాడు. ఆవిడ సింగపూర్లోనే పుట్టింది. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకొచ్చాడట. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలాయి. అరవై దాటిన మనిషి, ఎవరినీ ఏమీ గుచ్చి అడగదు.

"ఏం తంబీ, పొద్దున్నే వచ్చేస్తివి? మకాన్ అయిందా, ఏమన్నా తింటివా?" అంది.

విశ్వనాథం కాగితం మీద మొత్తం రాసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వింది. "అలామక్, నాకు తెలుగు చదవ రాదు కదా లా. నోటితో చెప్పు. నాకేం అర్జెంటు లేదు."

అతను చెప్పాడు. రెండేళ్ళ సంగతీ, నిన్నటి సంగతీ. టీ చల్లారి మీగడ కట్టింది. అందరిలా ఆవిడ అతని మాట మధ్యలో అందుకుని పూర్తి చెయ్యలేదు, ఆగినచోటల్లా తనూ ఆగింది. అంతా అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆం... ఆంటీ, మీ... మీరు చెప్తారా ఆవిడకి?"

"నేను చెప్తే నమ్ముద్దా? ఎవరో ముసలిది ఏదో వాగింది అంటది. ఏ గొంతు ఆశ పెట్టిందో ఆ గొంతే తియ్యాల తంబీ." హాల్లో ఉన్న ఫోను దగ్గరికి కుర్చీ జరిపి, "ఆ పిల్లకి రేపే కదా?" అంది.

నలభై ముగ్గురూ గుర్తొచ్చారు. జైలు కూడా గుర్తొచ్చింది. తిరుమలేష్ చెప్పగా రాసుకున్న కాగితం జేబులోంచి తీసి బూతు నెంబరు నొక్కాడు. అక్కడ పొద్దున పది దాటింది. మగగొంతు ఎత్తింది.

"క... కల్పనగారు..."

"సింగపూరా?" అన్నాడు రామన్న. "ఈడనే ఉన్నదయ్యా, పొద్దటిసంది ఫోను కాడికెల్లి కదల్తలేదు. ఊరంత లొల్లి. గీ ఆడపిల్లకు పిచ్చి లేసిందంటున్రు. ఇగో, ఇస్తున్న."

"చెప్పయ్యా," అందావిడ. ఆ గొంతులో నవ్వు ఉంది.

"నే... నేను... వి... వి..."

ఆవిడ ఆగింది. విశ్వనాథం కళ్ళు మూసుకుని తన పేరుతో కుస్తీ పట్టాడు. సూర్యకుమారి ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"విశ్వనాథం. మీ... మీ ఆయన్ని కా... కాదమ్మా."

"అట్లనా? మరి ఆయనకియ్యి ఫోను."

"లే... లేరమ్మా. నిజంగానే పో... పోయారు. నిన్న మా... మాట్లాడింది నేనే."

"అబద్ధం!" అందావిడ. నవ్వు పోయింది. "నిన్నటాయన గడగడ మాట్లాడిండు. నీకు నోరే తిరుగుతలేదు. గిట్ల చెప్పుమని ఎవలు నేర్పిండ్రు నీకు? ఆయన్ని ఏడ దాచిండ్రు?"

ఆవిడ అన్నది సబబే. ఈ గొంతుకీ ఆ గొంతుకీ పొంతనే లేదు. రుజువు ఒక్కటే ఉంది, అది ఎంత క్రూరమైనదో అతనికి తెలుసు. ఎదురుగా బొమ్మ లేదు. ఎంచుకోవడానికి ముసుగూ లేదు.

"గుడాఫ్టర్నూన్," అన్నాడు, నూనె పోసినట్టు. "తిరుమలేష్ స్పీకింగ్. హలో, తిరుమలేష్ హియర్."

అవతల ఎక్కడో బస్సు హారను కొట్టింది.

"ఎందుకు?" అందావిడ చివరికి.

చెప్పాడు. కంప్యూటర్ కోర్సు, నోట్సు పుస్తకం, గురువారం మూడింటి ఇంటర్వ్యూ. ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి పెట్టాడు. తప్పు నాదేనమ్మా అన్నాడు. క్షమించమనడానికి నోరు రాలేదు, అది నత్తి వల్ల కాదు.

"ఆయనే అడిగిండా నిన్ను?"

"అ... అడిగారు. వ... వచ్చాక మీకు చెప్దామని."

"అచ్చిందా మరి ఆ కొలువు?"

"వచ్చిందమ్మా."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. "ఒక్కటి చెయ్యి," అంది. "ఇంకొక్కపారి అను. ఆయన పేరు. నిన్న అన్నట్టె. ఒక్కపారి ఇని పెట్టేస్త."

అదెంత పని? జీవితంలో అతనికి వచ్చిన విద్య అదొక్కటే. "గుడాఫ్టర్నూన్" వచ్చింది. "తి" దగ్గర నాలుక అంగిటికి అతుక్కుంది. విశ్వనాథం నమ్మలేకపోయాడు. పక్కవాడి పేరు మీద తను ఆగడం ఏమిటి? మళ్ళీ ప్రయత్నించాడు. "తి... తి..." మెడ నరాలు పొంగాయి, కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి, ఆ పేరు మాత్రం పెగల్లేదు. ఇవ్వగలిగింది ఒక్కటి అడిగితే అదీ ఇవ్వలేకపోతున్నానే అని ఏడ్చాడు.

"ఇడిసిపెట్టు తమ్మీ," అందావిడ. గొంతు మెత్తబడింది. "నాకు గూడ ఎన్నడు రాలే ఆ పేరు. పదేండ్లల ఒక్కపారి అనలే. మొగని పేరు అంటె ఆయన ఆయుస్సు తగ్గుతదంటరు మా దిక్కు. పోరని నాయిన అన్న, ఏమయ్యా అన్న, గంతే."

 బూతు చుట్టూ చేరిన జనం గుసగుసలు ఫోన్లో వినపడుతున్నాయి.

"తిరుమలేషు," అందామె, మెల్లగా, అలవాటులేని మాట అన్నట్టు. తర్వాత తల పక్కకి తిప్పినట్టుంది, ఈసారి గొంతు దూరంగా, అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది. "రామన్నా, తిరుమలేషు సచ్చిపోయిండు."